తూర్పు కిటికీలో ఒక్క గీత

మా ఇంట్లో ఫోను పలకదు. పలికితే తూర్పు కిటికీ చువ్వల దగ్గరే పలుకుతుంది, అక్కడా ఒక్క గీతే. చాలా ఏళ్లుగా ఇది మాకు తెలిసిన సంగతే. ఎవరైనా ఫోను చేస్తే వాకిట్లోకి వెళ్లి మాట్లాడేవాళ్లం. వాకిట్లో మాట్లాడితే వాడకట్టంతా వింటుంది. వింటే విననీ, దాచుకునే మాటలు ఫోనులో మాట్లాడే అలవాటు మాకు లేదు.

మా ఆయనకు పక్షవాతం వచ్చాక ఆ ఒక్క గీతతో పని పడింది.

కరీంనగర్ ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేనాటికి ఆయన కుడిచెయ్యి, కుడికాలు తనవి కాకుండా పోయాయి. మూతి ఒక పక్కకు తిరిగింది. మాట ముద్దగా వస్తుంది, నాకైతే అర్థమవుతుంది. ఎడమచెయ్యి మాత్రం ఎప్పటిలాగే గట్టిగా ఉంది. ఆ చేత్తోనే అన్నం గిన్నె నెట్టేస్తాడు, ఆ చేత్తోనే నా కొంగు పట్టుకుంటాడు.

పొద్దున లేస్తే ఆయన ఒళ్లు తుడవాలి, పక్కబట్టలు మార్చాలి, మందులు మింగించాలి, అన్నం పిసికి పెట్టాలి. అవన్నీ అయ్యాక నా పని మొదలవుతుంది. అంటే పత్తిచేను. పగిలిన పత్తి ఎవరి కష్టమూ చూడదు. ఆ రోజుకారోజు ఏరాలి, లేకపోతే మంచుకు బరువెక్కుతుంది, వాన పడితే నల్లబడుతుంది. కూలి మనుషులు వాళ్ల వాళ్ల చేలల్లోనే తెమలడం లేదు. మా కొడుకు బొగ్గుబాయిలో పని చేస్తాడు. సెలవు దొరికిన నాడు వచ్చి పోతాడు. కాబట్టి చేనుకు నేనే పోవాలి, ఇంట్లో ఆయన ఒక్కడే ఉండాలి.

ఒకనాడు మధ్యాహ్నం పత్తి ఏరి వచ్చి చూస్తే మంచం మీద మనిషి లేడు. మంచానికీ గోడకూ నడుమ నేల మీద పడి ఉన్నాడు. నీళ్ల చెంబు అందుకోబోయి జారాడట. నేను గడప దాటిన కాసేపటికే పడ్డాడట. లుంగీ తడిసింది, మోచెయ్యి చెక్కుకుపోయింది. పొద్దుటి నుంచి అట్లాగే ఉన్నాడు.

"ఒర్రకపోయినవా? పక్కింటి వదినె ఇంట్లనే ఉండె గద" అన్నాను.

"ఒర్రితే మంది ఒస్తరు" అన్నాడు.

అదీ ఆయన బాధ, అరిస్తే నలుగురూ వచ్చి చూస్తారని. ఊళ్లో ఎవరికి తగవు వచ్చినా మా పంచలో కూర్చుని చెప్పుకునేవాళ్లు. ఆయన మీసం మీద చెయ్యి వేసి ఒక మాట అంటే ఇద్దరూ లేచి పోయేవాళ్లు. ఇప్పుడు ఆ మీసం మీదికి చొంగ కారుతుంది. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచి ఆయన ఎవరినీ నడిమింట్లోకి రానివ్వలేదు. చూడడానికి వచ్చినవాళ్లను వాకిట్లో నుంచే పంపించాను. నిద్రపోతున్నాడు అని ఎన్నిసార్లు చెప్పానో. రోజంతా నిద్రపోయే మనిషి ఉంటాడా? వాళ్లకూ తెలుసు. అయినా తలూపి వెళ్లిపోయారు.

పడ్డ మనిషిని ఒక్కదాన్నే లేపి మంచం మీదికి ఎక్కించేసరికి నా నడుము ఇక నాది కాదనిపించింది. ఆరోజే అనుకున్నాను. నేను చేనులో ఉన్నప్పుడు ఆయన నన్ను పిలవగలగాలి. పిలవలేకపోతే నేను ఇల్లు కదలకూడదు. ఇల్లు కదలకపోతే పత్తి చెట్టు మీదే పోతుంది.

సెలవు నాడు కొడుకు వచ్చాడు. గుండీలున్న చిన్న ఫోను తెచ్చి, ఒక్క గుండీ గట్టిగా ఒత్తిపట్టుకుంటే నాకు పోయేట్టు చేసిపెట్టాడు. ఆయన ఎడమ బొటనవేలితో ఒత్తడం ఒక్క పూటలోనే నేర్చాడు. వాకిట్లో నిలబెడితే మోగింది, నడిమింట్లో మోగలేదు. కొడుకు ఫోను పైకెత్తి పట్టుకుని, దీపం పట్టుకుని వస్తువు వెతికినట్టు ఇల్లంతా తిరిగాడు. వంటింట్లో లేదు, వడ్ల అర్రలో లేదు. తూర్పు కిటికీ చువ్వలకు ఆనిస్తే మాత్రం ఒక్క గీత వచ్చింది. టవరు లక్సెట్టిపేట దిక్కున ఉంది, మాకు అది తూర్పు.

"గీ రేకులే మొండియి అవ్వా. ఇనుములకెళ్లి సిగ్నల్ దిగది" అన్నాడు.

"పెంకలున్నప్పుడు గూడ రాకుండె గదరా."

"పెంకలున్నప్పుడు మనకు ఫోనే లేకుండె గదనే."

నిజమే. గూనపెంకల ఇల్లే మాది. కోతులు వచ్చి పెంకలన్నీ పీకి పారేస్తుంటే ఎన్ని ఏళ్లని ఎక్కి సర్దుతాం? అందుకే రేకులు వేయించాం. మంచానికి సరిగ్గా పైన ఉన్న ఒక్క రేకు తీసి ప్లాస్టిక్ రేకు వేద్దామన్నాడు కొడుకు. వెలుతురు వస్తుంది, సిగ్నలూ దిగుతుందట.

"కోతి దుంకితే పలిగి మీ బాపు మీదనే పడ్తది. కోతి గూడ పడ్తది" అన్నాను.

ఆయన మంచం మీది నుంచి, "పడనీ. తోడుంటది" అన్నాడు.

కరీంనగర్‌లో సిగ్నల్ పెంచే డబ్బా దొరుకుతుందని కొడుకు విన్నాడు. అడిగి వచ్చాడు. కంపెనీ ఒప్పుకోకుండా ఎవరికి వారు పెట్టుకోకూడదని, పెడితే చుట్టుపక్కల ఫోన్లు చెడతాయని, పట్టుకుంటే జుర్మానా కట్టాల్సి వస్తుందని కొట్టాయనే చెప్పాడట. నాకు ఆ మాట నచ్చింది. మనది మోగాలని మందిది బంద్ పెట్టడం ఏం న్యాయం? ఇంకో కంపెనీ సిమ్ము వేసి చూశాం, దానికి వాకిట్లో కూడా గీత లేదు. తీగ మీద వచ్చే ఇంటర్నెట్ పెట్టిస్తే ఇంట్లోనే మాట్లాడవచ్చట. ఆ తీగ ఊరి మొదటి వాడకే వచ్చింది, మా వాడకు రాలేదు. వస్తుందని చెబుతూనే ఉన్నారు. వినీ వినీ నేను అడగడం మానేశాను.

కడకు ఒక్కటే తేలింది, తూర్పు కిటికీ. ఫోనును పాత చీర అంచుతో చువ్వలకు బయటి పక్కన కట్టాం, లోపలి నుంచి బొటనవేలు పెడితే గుండీ అందేట్టుగా. మంచం కిటికీ కిందికి జరిపాం. అప్పుడు అసలు తిప్పలు తెలిసింది.

కిటికీ తూర్పున ఉంది. ఆయనకు ఎడమచెయ్యే ఉంది. దక్షిణానికి తల పెట్టి పడుకోబెడితే చచ్చుబడ్డ కుడిచెయ్యి కిటికీ పక్కకు వస్తుంది. తూర్పుకు తల పెడితే చెయ్యి తల మీది నుంచి వెనక్కి ఎత్తాలి, ఆ భుజం అంత లేవదు. పడమరకు పెడితే కిటికీ కాళ్ల దగ్గర ఉంటుంది. ఎడమచెయ్యి కిటికీకి అందాలంటే ఒక్కటే దారి. తల ఉత్తరానికి పెట్టాలి.

ఉత్తరానికి తల పెట్టి బతికున్న మనిషి పడుకుంటాడా? మా దగ్గర పీనుగనే అట్లా పెడతారు. మా ఇంట్లో చంటిపిల్లను కూడా నిమిషం సేపు అట్లా వేయనివ్వలేదు నేను.

"పెట్టు" అన్నాడు ఆయన.

"నోర్మూస్కో."

"దిక్కులేం జేస్తయే? ఇన్నొద్దులు తూర్పుకు తల పెట్టి పండుకుంటేనే గిట్లయిన."

"పంచల ఏస్తా మంచం. కిటికీకి అవుతల. దక్షిణానికి తల పెట్టినా ఎడమచెయ్యి కిటికీ దిక్కే ఉంటది. ఇనుము కింద గాదు, సిగ్నల్ గూడ మంచిగొస్తది" అన్నాను.

అది సరైన ఉపాయమని నాకూ తెలుసు, కొడుక్కూ తెలుసు. ఆయన ముఖం గోడకు తిప్పుకున్నాడు. "పంచలేస్తే బువ్వ ముట్ట" అన్నాడు. ఆయన అన్న మాట తప్పడు. ఆ ఒక్క గుణం మాత్రం రోగం తీసుకుపోలేదు.

కొడుకు సెలవు అయిపోయి వెళ్లాడు. నేను ఇంట్లోనే కూర్చున్నాను. రోజూ చేను పక్క నుంచి వచ్చినవాళ్లు, "నీ చేను తెల్లగ పలిగింది, ఏరుతలేవా?" అని అడిగిపోయేవాళ్లు. ఊరికే అడుగుతారు, తప్పులేదు. మబ్బు పట్టినప్పుడల్లా వాకిట్లోకి వచ్చి చూసేదాన్ని. చివరికి ఒక పొద్దున మంచం తిప్పాను, ఉత్తరం తల పెట్టాను. ఆయన గెలిచినట్టు ముఖం పెట్టాడు. నేను ఆ ముఖం చూడలేదు.

సాయంత్రం వచ్చి మళ్లీ దక్షిణానికి తిప్పాను. మర్నాడు పొద్దున ఉత్తరానికి. ఆయనతో సహా మంచాన్ని ఒక కోడు పట్టి కొంచెం, ఇంకో కోడు పట్టి కొంచెం లాగేదాన్ని. నేలకు గీతలు పడ్డాయి. ఇంత చేసినా చేనులో నా ఫోను మోగలేదు. సాయంత్రం అడిగితే, "ఒత్తిన, పోలే" అనేవాడు. ఒకసారి మాత్రం మోగి, "అలో" అనే లోపల ఆగిపోయింది. ఏం జరిగిందోనని పరుగెత్తుకుంటూ వచ్చాను. ఏమీ లేదు. మోగుతుందో లేదో చూశాడట. నేను చెంబెడు నీళ్లు తాగి మళ్లీ చేనుకు పోయాను.

అట్లా నడుస్తున్న రోజుల్లోనే ఇది జరిగింది.

పక్కింటి వదినె ఆయనకు చెల్లెలి వరస. ఆమె నన్ను వదినె అంటుంది, నేను ఆమెను వదినె అంటాను. ఆమెకు చాట కావాల్సి వచ్చింది. ఎప్పుడూ వాకిట్లో నుంచే పిలిచే మనిషి, ఆరోజు పిలిచినా ఎవరూ పలకలేదు. తలుపు దగ్గరగా వేసి ఉంది. చాట దర్వాజ వెనకే ఉంటుందని తెలుసు కాబట్టి తోసింది. ఆయన కనిపించాడు. ఉత్తరానికి తల, తెరుచుకున్న నోరు, కిటికీ చువ్వల మీద వేలాడుతున్న చెయ్యి. ఉత్తరానికి తల ఉంది అంటే ఇక చూసేదేముంది? ఆమె దగ్గరికి పోలేదు, ముక్కు దగ్గర వేలు పెట్టి చూడలేదు. గడపలోనే కూలబడి, "ఓ నా అన్నో... చెప్పకుండ పోతివా అన్నో" అని శోకం ఎత్తుకుంది.

ఆమె గొంతు చిన్నది కాదు. వాడకట్టు కదిలింది. చాయ్ తాగుతున్నవాళ్లు గ్లాసులు పెట్టి వచ్చారు, గోడ కడుతున్న మేస్త్రీలు వచ్చారు, అంతకుముందు నేను వాకిట్లో నుంచే తిప్పి పంపిన వాళ్లంతా వచ్చారు.

నా దగ్గరికి మా పాలివాళ్లలో కొడుకు వరస ఒకాయన మోటారు సైకిల్ మీద వచ్చాడు. గట్టు మీదే నిలబడ్డాడు.

"పెద్దవ్వా, జర ఇంటికి నడువు" అన్నాడు.

అంతే అన్నాడు. మాలో చావు మాట ఎవరూ నోటితో అనరు. ఇంటికి నడువు అంటారు, తల వంచుకుంటారు. నేను ఒడిలో ఉన్న పత్తి కుప్పలో పోశాను. కుప్ప మీద సంచి కప్పి మట్టిపెళ్లలు పెట్టాను. వచ్చినాయన చూస్తూ నిలబడ్డాడు. ఏమనుకున్నాడో ఏమో, అనుకోనీ. గాలికి పోయిన పత్తిని తెచ్చిచ్చేవాళ్లు లేరు.

బండెక్కి కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఉత్తరం, ఉత్తరం అని ఆ ఒక్క మాటే లోపల తిరిగింది. నా చేతులతో నేనే తిప్పిన మంచం.

ఊరి మొగలోకి రాగానే నా నడుము దగ్గర ఫోను మోగింది. కొడుక్కి ఎవరో చెప్పి ఉంటారు, వాడికి ఏమని చెప్పాలి అనుకుంటూ తీశాను. అద్దం మీద ఉన్న అక్షరాలు కూడబలుక్కున్నాను. నేను మూడో తరగతి దాకానే చదివినా ఆ రెండక్షరాలు నాకు వచ్చు. కొడుకు రాసి పెట్టిన పేరు, బాపు.

"ఏమే" అంది ఫోను. "యాడ సచ్చినవే? నేను సచ్చిననట ఈడ. జల్ది రా. గీ మందిని ఎల్లగొట్టు."

ఫోను అంత బాగా ఎప్పుడూ వినపడలేదు.

"ఎవలు పెద్దవ్వా?" అని ముందు నుంచి అడిగాడు బండాయన.

"మీ పెద్దబాపు."

బండి అటు ఊగి ఇటు ఊగి మురికికాలువ అంచున ఆగింది. ఆయన వెనక్కి తిరిగి నా ముఖం చూశాడు. నాకే ఏదో అయిందనుకున్నాడు పాపం. ఫోను ఆయన చెవికి పెట్టాను. లోపల నుంచి తిట్లు వినిపించాయి. బండి తీశాడు.

ఇంటికి చేరేసరికి పంచ నిండా మనుషులు. నడిమింట్లో మంచం చుట్టూ మనుషులు. వదినె ఒక మూలన నోట్లో కొంగు కుక్కుకుని కూర్చుంది. మందుల మత్తులో నిద్రపోయినవాడు ఆ గోలకు లేచాడట, సగం నోటితో, పూర్తి గొంతుతో అందరినీ తిడుతున్నాడు.

"చాట కోసమొచ్చి సావు జేస్తవా? నీ చాట పాడుగాను!"

ఒకప్పుడు గట్టు తగాదాలో మా పంచలో ఓడిపోయి, ఆ తర్వాత చాలాకాలం మా గడప తొక్కని ముసలాయన ఒకడు ముందుకు వచ్చాడు. మంచం పట్టె మీద చెయ్యి వేసి, "అన్నా, నీ తిట్లల్ల ఏం తేడా లేదే. మూతే జర వంకర వోయింది. మునుపు గూడ అంత సక్కగేం లేకుండెతియ్" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. మా ఆయన నవ్వాడు. నవ్వితే ఆ వంకర ఇంకా ఎక్కువైంది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన నవ్వడం అదే మొదటిసారి. చొంగ కారితే ఆ ముసలాయనే తన కండువాతో తుడిచాడు. అప్పుడు నవ్వారు అందరూ.

వదినె అప్పటికి తేరుకుంది. తేరుకోగానే నా మీద పడింది.

"గదేం బుద్ధి వదినె? మనిషిని ఉత్తరం తల పెట్టి పండవెడ్తవా? చూసినోళ్ల గుండె ఆగదా?"

"సిగ్నల్ గాడనే ఉంది వదినె."

"సిగ్నల్ కోసం మనిషిని సంపుతరా?"

"నేను సంపలే. నువ్వు సంపినవ్. నేను చేన్ల ఉన్న."

దాని మీద కాసేపు మాటామాటా నడిచింది. అలిసిపోయాను, గడపకు ఆనుకుని కూర్చున్నాను. చేతులకు పత్తికాయల గీతలు మండుతున్నాయి. అప్పుడు ఆయన నా వైపు చూసి, "ఏమే. మంచం పంచలెయ్యి" అన్నాడు. "చూసిండ్రు గద, అందరు చూసిండ్రు. ఇగ దాసుకునుడేంది."

మోయడానికని వచ్చిన మొగవాళ్లు ఉండనే ఉన్నారు. నాలుగు పక్కలా పట్టి ఆయనతో సహా మంచం లేపారు. గడప దాటేటప్పుడు వదినె కళ్లు మూసుకుంది, నేను మూసుకోలేదు. పంచలో గోడ పక్కన దించారు. దక్షిణానికి తల, కిటికీ పక్కకు ఎడమచెయ్యి. చువ్వల బయట కట్టిన ఫోను ఇప్పుడు ఆయన చేతికే ఉంది. బండాయన వంగి చూసి, "మూడు గీతలున్నయ్ పెద్దవ్వా" అన్నాడు.

కొడుకూ నేనూ డబ్బాలో, తీగలో వెతికిన సిగ్నల్ గోడకు ఆ పక్కన, ఒక చేతి దూరంలో ఉంది. మొదటి నుంచీ ఉంది. ఆయనకు దుప్పటి కప్పి, కట్టె ఒకటి ఎడమచేతి దగ్గర పెట్టాను, కోతులకు.

మర్నాటి నుంచి చేనుకు పోతున్నాను. ఇప్పుడు ఫోను మోగుతుంది. మోగుతూనే ఉంటుంది. ఫలానా ఆయన ఎద్దులను తోలుకుని ఇటే పోయాడని చెబుతాడు. వదినె చాట తిరిగి తేలేదని చెబుతాడు. మందు బిళ్ల చేదుగా ఉంది అంటాడు. మబ్బు పట్టింది, కుప్ప కప్పు అంటాడు. తలెత్తి చూస్తే ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి ఉండదు. వంగి ఏరుతున్న మనిషి ఒక్కసారి లేవాలంటే నడుములో ఎన్ని ఎముకలు ఉన్నాయో అన్నీ తెలుస్తాయి. లేచి, చెయ్యి తుడుచుకుని, నడుము దగ్గరి సంచి విప్పి తీయాలి.

"ఊకె చేయకు. పనుంటెనే చెయ్యి" అని ఒకనాడు గట్టిగా అన్నాను.

"పనున్నదే. చెప్పనియ్యవ్" అన్నాడు.

"ఏం పని?"

పంచ ముందు నుంచి ఎవరో పలకరిస్తుంటే, "ఆఁ, మంచిగున్న" అని వాళ్లకు చెప్పడం వినిపించింది. ఆ తర్వాత నన్ను అడిగాడు.

"ఎన్ని సాళ్లయినయ్?"

ఎత్తకుండా ఉందామని చాలాసార్లు అనుకుంటాను. ఎత్తని ఆ ఒక్కసారే ఆయన కింద పడి ఉండవచ్చు. అందుకని మోగినప్పుడల్లా లేస్తాను. సగం ఏరిన సాలులో నిలబడి, చెప్పు, అంటాను.